డీజే అనగానేమి? పుట్టుపూర్వోత్తరాలు వివరింపుము

మా బావమరిది కొడుకు పెళ్లికి ఖర్చుల లిస్టు రాయడానికి కూర్చున్నాం. రాసేది బావమరిది. నా పని మధ్యమధ్యలో టీ తాగి 'ఊఁ' అనడం. లిస్టు బాగానే నడుస్తోంది. పంతులుగారు ఒకరు. ఫొటోలకు ఇద్దరు, వీడియోకు ఒకరు. వంటవాళ్లు ఎనిమిది మంది. వడ్డించేవాళ్లు పన్నెండు మంది. ఊఁ. డీజే ఒకటి.

నేను ఊఁ అనలేదు.

"ఒకటి కాదు, ఒకరు" అన్నాను.

బావమరిది పెన్ను ఆపి నా మొహంలోకి చూశాడు. అలాంటి చూపు నా మీద అంతకుముందు ఒక్కసారే పడింది, నా పెళ్లిలో కట్నం వద్దన్నప్పుడు. వీడికి ఎక్కడో ఏదో లోపం ఉంది, అది బయటపడే లోపు ముహూర్తం దాటిపోతే బాగుండు అన్న చూపు.

"ఒకరేంది బావ? డీజే ఒకటి. మొన్న మా గల్లీల పెట్టిండ్రు చూడు, పన్నెండు బాక్సులది. గసొంటిది."

"డీజే అంటే మనిషిరా. డిస్క్ జాకీ. పాటలు వేసేవాడు."

"వేసేటోడు వస్తడు తియ్యి. వాడు ఫ్రీ. డీజే తీస్కుంటే ఆపరేటర్ ఫ్రీ."

వారం రోజులుగా నాకు నిద్ర లేదు. షర్టు కొంటే రుమాలు ఫ్రీ, కుక్కర్ కొంటే గరిటె ఫ్రీ అని విన్నాను. డీజేని తీసుకుంటే డీజే ఫ్రీ అనే పథకం ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. తెలుగువాళ్లం కాబట్టి సాధించాం.

విషయం వ్యాకరణానికి సంబంధించింది, కాస్త నిటారుగా కూర్చోండి. తెలుగు నామవాచకాల్లో మహత్తు, అమహత్తు అని రెండు కులాలున్నాయని చిన్నయసూరి బాలవ్యాకరణం నుంచి పదో తరగతి గైడు దాకా అందరూ చెప్పారు. మగవాళ్లు మహత్తు. ఆడవాళ్లను ఏకవచనంలో ఎద్దులతోనూ రోళ్లతోనూ కలిపి అమహత్తు కింద కట్టేశారు. (ఆ దారుణం మీద ఇంకో వ్యాసం రాయాలి, రాస్తాను.) అందుకే రాముడు వచ్చాడు, సీత వచ్చింది, బస్సు వచ్చింది. మరి డీజే? 'డీజే వచ్చాడు' అన్న తెలుగువాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. డీజే వచ్చింది. డీజే దిగింది. డీజే తడిసింది, కవరు కప్పండ్రా.

క్రియలు కూడా చూడండి. డీజే పెడతాం, కడతాం, మోగిస్తాం, మనిషికి చేయదగ్గ పని ఒక్కటీ దాంతో చేయం. డీజేని పిలవం, రమ్మనం, కూర్చోమనం. లెక్క పెట్టేటప్పుడైతే పూర్తిగా బయటపడిపోతాం: రెండు డీజేలు, మూడు డీజేలు. పేపర్లో 'రెండు డీజేలు సీజ్, కేసు నమోదు' అని చదువుతాం. 'ఇద్దరు డీజేలు' అని రాసిన తెలుగు వార్త మీ కంటబడితే నాకు పంపండి, ఫ్రేము కట్టించుకుంటాను.

ఇందులో ఒక్కరే మినహాయింపు. పెళ్లి రోజు సాయంత్రం పిల్లలు "డీజే వచ్చింది, డీజే వచ్చింది" అని గెంతుతుంటే, ఊరి నుంచి వచ్చిన మా పెద్దనాన్న ఎవరో ఆడకూతురు అనుకున్నాడు. "లోపటికి పిలిచి మంచినీళ్లియ్యుండ్రి, ఎంత దూరం నుంచి వచ్చిందో ఏమో" అన్నాడు. అందరూ నవ్వారు. మొత్తం పెళ్లిలో డీజేకి మర్యాద చేద్దామనుకున్న మనిషి ఆయనొక్కడే.

ఇక పుట్టుపూర్వోత్తరాలు. ఐదు మార్కులు.

జాన్ అనే పేరును స్కాట్లండ్‌లో ముద్దుగా జాక్ అని పిలిచేవాళ్లు. మన ఎల్లయ్య, మల్లయ్యల్లాంటి పేరు, ప్రతి వీధిలో నలుగురు. దాని మీద ఇంకో ముద్దు చేరిస్తే జాకీ అయ్యింది. గుర్రాల దగ్గర తిరిగే కుర్రాళ్లకు, ఆ తర్వాత పందెంలో గుర్రం ఎక్కేవాడికి అది పేరైపోయింది. అక్కడి నుంచి 1935కి రండి. న్యూయార్క్ రేడియోలో మార్టిన్ బ్లాక్ అనే అనౌన్సర్ ఉండేవాడు. అమెరికా అంతా విమానవీరుడు లిండ్‌బర్గ్ బిడ్డ అపహరణ కేసు విచారణను చెవులప్పగించి వింటున్న రోజులు. కోర్టు నుంచి ఒక వార్తకూ ఇంకో వార్తకూ మధ్య ఖాళీ వచ్చేది. ఆ ఖాళీలో బ్లాక్ గ్రామఫోన్ రికార్డులు వేసి, ఎదురుగా పెద్ద డాన్స్ హాలు ఉన్నట్టు, అందులో బ్యాండువాళ్లు చెమటలు కక్కుతూ వాయిస్తున్నట్టు మాట్లాడేవాడు. కార్యక్రమం పేరే 'మేక్ బిలీవ్ బాల్‌రూమ్', అంటే ఉత్తుత్తి నాట్యశాల. వాల్టర్ వించెల్ అనే కాలమిస్టు ఈయన్ను చూసే డిస్క్ జాకీ అన్న పేరు పెట్టాడని చెప్తారు. రికార్డు మీద స్వారీ చేసేవాడు అని. పెట్టింది మా కాలమిస్టుల జాతివాడే కాబట్టి ఈ పాపంలో మా వృత్తికీ వాటా ఉంది, ఒప్పుకుంటున్నాను.

గమనించాల్సింది ఏమిటంటే, ఆ మాటలో గుర్రం రికార్డు. స్వారీ చేసేవాడు మనిషి. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని మన పెద్దలు అన్నారు. అసలు రౌతే లేకుండా, గుర్రాన్నే రౌతు అని పిలుస్తూ, దాన్ని రాత్రి పదకొండింటికి కాలనీలోకి వదిలితే ఎన్ని కాళ్ల మీద నడుస్తుందో పెద్దలు ఊహించలేదు.

డిస్కో అన్న మాట ఇంకా చిత్రం. ఫ్రెంచివాళ్లు గ్రంథాలయాన్ని బిబ్లియోతెక్ అంటారు. దాని తోక కత్తిరించి రికార్డుకు అతికిస్తే డిస్కోతెక్, రికార్డుల లైబ్రరీ. అంటే డిస్కో లైట్ల కింద మనం ఊగేది సాక్షాత్తూ గ్రంథాలయం వంశంలో. ఏ తరంలో 'నిశ్శబ్దం పాటించండి' బోర్డు పీకేశారో వంశవృక్షంలో రాసిలేదు.

ఆ డిస్కోతెక్‌ల్లోనే రికార్డు వేయడం ఒక విద్య అయ్యింది. న్యూయార్క్‌లో ఒకప్పటి చర్చిని క్లబ్బుగా మారిస్తే, అందులో ఫ్రాన్సిస్ గ్రాసో అనే కుర్రాడు ఒక పాట దరువులోకి ఇంకో పాట దరువును అతుకు కనపడకుండా కలిపేవాడు. 1970లో డేవిడ్ మాన్‌కూసో తాను ఉండే చోటికే మనుషుల్ని పిలిచి తెల్లవార్లూ పాటలు వినిపించాడు. ఆయనకు డీజే అనిపించుకోవడం కూడా నచ్చేది కాదు, తనను తాను సంగీతంతో అతిథుల్ని చూసుకునే ఇంటాయన అనుకునేవాడు. ఇంటాయన! చుట్టుపక్కల ఇళ్లలో తలుపులు బిగించుకుని కూర్చున్న ఇంటాయనల్ని అడగండి, ఈ ముక్క వింటే ఏడుస్తారు.

తర్వాత 1973 ఆగస్టు 11. న్యూయార్క్‌లోనే బ్రాంక్స్ అనే ప్రాంతంలో 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్, కింద ఒక హాలు. చెల్లెలు సిండీ బడి బట్టల డబ్బుల కోసం చిన్న పార్టీ పెట్టుకుంది, అమ్మాయిలకు 25 సెంట్లు, అబ్బాయిలకు 50. అన్న కూల్ హెర్క్ రికార్డులు వేశాడు. పాటలో ఎక్కడ గొంతు ఆగి డ్రమ్ము ఒక్కటే మోగుతుందో, అక్కడే జనం ఎక్కువగా ఎగురుతున్నారని ఆ కుర్రాడు కనిపెట్టాడు. అదే రికార్డు రెండు కాపీలు పెట్టుకుని, ఒకదాంట్లో ఆ ముక్క అయిపోగానే ఇంకోదాంట్లో అదే ముక్క వేసి, పది సెకన్ల దరువును ఎంతసేపైనా సాగదీశాడు. హిప్‌హాప్ పుట్టిల్లు అని ఇప్పటికీ ఆ హాలునే చూపిస్తారు. చేసింది ఒక మనిషి. జనం కాళ్ల వైపు చూసి చేశాడు. బాక్సులు చూడలేవు.

ఈ హెర్క్ పుట్టింది జమైకాలో. అక్కడి సంగతి తెలిస్తే మా బావమరిది లిస్టు మొత్తం తిరగరాయాలి. కింగ్‌స్టన్ వీధుల్లో 1950ల నాటికే లారీల్లో బీరువాలంత స్పీకర్లు, జనరేటరూ వేసుకుని వచ్చి వీధిలో దించి డాన్సు పెట్టేవాళ్లు. సరిగ్గా మన వ్యవహారమే. కానీ వాళ్లు దేని పేరు దానికి పెట్టారు. పెట్టెలూ ఆంప్లిఫయర్లూ కలిపి సౌండ్ సిస్టమ్. రికార్డు ఎంచి వేసేవాడు సెలెక్టర్. ఆ పాట మీద మైకు పట్టుకుని మాటలు అల్లేవాడు డీజే. ముగ్గురికీ మూడు పేర్లు. అందులో డీజే అంటే సాక్షాత్తూ గొంతున్న మనిషి! మనం ఆ పేరును గొంతున్న మనిషి నుంచి లాక్కుని చెక్కపెట్టెకు తగిలించాం. మనం డీజే అంటున్నది జమైకావాడి సౌండ్ సిస్టమ్. సెలెక్టర్ అనదగినవాడు మనకు ఫ్రీగా వచ్చే ఆపరేటర్. జమైకావాళ్లు డీజే అనేవాడు మన దగ్గర లేనే లేడు, ఆ స్థానంలో "హలో హలో మైక్ టెస్టింగ్" ఉంది.

మనకు ఇది కొత్త అలవాటు కాదని కొందరు నన్ను ఓదార్చారు. జేసీబీ ఉంది కదా అన్నారు. నిజమే. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే ఇంగ్లండ్ పెద్దమనిషి పేరులోని మూడు అక్షరాలవి. ఆ పెద్దమనిషిని మనం పసుపుపచ్చ యంత్రం చేసి, రోజూ ఎక్కడో ఒకచోట గోడలు కూలగొట్టిస్తున్నాం. డీజే ఎక్కి వచ్చే బండి సంగతి కూడా అంతే. హైదరాబాద్ చుట్టుపక్కల మధ్యరకం లారీ ఏదైనా సరే డీసీఎం. అది ఢిల్లీ క్లాత్ మిల్స్. ఆ బట్టల మిల్లువాళ్లు ఒకప్పుడు టయోటాతో కలిసి బండ్లు చేశారు, బండ్లు పోయాయి, బట్టల మిల్లు పేరు మిగిలింది. కాబట్టి బరాత్‌లో మీరు చూసేది ఏమిటంటే, ఢిల్లీ బట్టల మిల్లు మీద కూర్చున్న స్కాట్లండ్ ఎల్లయ్య. దాని ముందు మన పిల్లలు నాగిని డాన్స్ చేస్తుంటారు.

కానీ మన దగ్గర మనిషి లేకపోలేదు. నా చిన్నప్పుడు మైకుసెట్టాయన ఉండేవాడు. పెళ్లింటి ముందు వేపచెట్టుకు బూర కట్టి, అరుగు మీద చాప వేసుకుని, రికార్డు మీద వేలితో దుమ్ము తుడిచి, ముల్లు పెట్టేవాడు. తెల్లారి నాలుగింటికి దేవుడి పాట. ఏ పాట తర్వాత ఏది రావాలో ఆయన ఇష్టం. పిల్లలం వెళ్లి చెవిలో చెబితే మనం అడిగింది వేసేవాడు, వేయకపోతే "ఆ రికార్డు అరిగిపోయింది పో" అనేవాడు. ఆయన పేరు ఊరందరికీ తెలుసు. ఒకసారి పెళ్లి మధ్యలో, మూడిళ్ల అవతల ముసలావిడ పోయింది. ఎవరో వచ్చి ఆయన చెవిలో ఒక ముక్క చెప్పారు. పెళ్లివాళ్లను అడగలేదు, ఎవరి పర్మిషన్ తీసుకోలేదు. ముల్లు ఎత్తేశాడు. మధ్యాహ్నం దాకా పెళ్లి మాటలతోనే జరిగింది. ఆయన్ను ఎవరూ డీజే అనలేదు. నాకు తెలిసిన ఒకే ఒక్క డీజే ఆయన.

ఇప్పుడు బరాత్‌కు వద్దాం.

రాత్రి పదకొండు దాటింది. పన్నెండు బాక్సుల ఎల్లయ్య డీసీఎం మీద కదిలాడు. ముందు షార్పీ లైట్లు ఆకాశంలో ఎవర్నో వెతుకుతున్నాయి. బండి పక్కన ఒకతను పొడుగాటి వెదురు కట్టెతో కరెంటు తీగల్ని పైకెత్తుతూ నడుస్తున్నాడు. వెనక జనరేటర్. దాని వెనక గుర్రం మీద పెళ్లికొడుకు. ఈ ఊరేగింపు మొత్తంలో స్వారీ అనదగ్గది ఆయనొక్కడే చేస్తున్నాడు, అదీ భయంభయంగా. మొదటి బేస్ పడగానే రోడ్డు పక్కన ఆపి ఉన్న కార్లన్నీ ఒకేసారి కీచుమన్నాయి. ఒక కిటికీ అద్దం గజగజలాడటం నా కళ్లతో చూశాను. నా గుండె నాది కాకుండా పోయింది. లోపల ఇంకెవరో కొడుతున్నట్టు ఉంది.

మలుపులో ఒక గేటు తెరుచుకుని ఒక పెద్దావిడ బయటికి వచ్చింది. నోరు కదులుతోంది, మాట వినిపించడం లేదు. దగ్గరికి వెళితే చెవిలో అరిచింది: "మా ఆయనకు పోయిన వారమే స్టెంట్ వేశారు బాబూ, కొంచెం తగ్గించమనండి."

నేను పెళ్లికొడుకు మామను. ఈ పని నావల్ల కాకపోతే ఎవరివల్ల అవుతుంది? డీజేని వెతకడానికి బయల్దేరాను.

ముందు డాన్స్ చేస్తున్న ఒక కుర్రాడి భుజం పట్టుకున్నాను. "డీజే ఎవరు బాబూ?"

"ఎవరేంది అంకుల్? గిదే డీజే. కనబడ్తలేదా?" డీసీఎం చూపించాడు. పక్కవాడితో "అంకుల్ ఫుల్‌గున్నడు" అన్నాడు.

వెదురు కట్టె మనిషిని అడిగాను. "నాది కట్టె వరకే సార్. తీగలు లేపుడు నా పని." డ్రైవర్‌ను అడిగాను. "నాది బండి." జనరేటర్ దగ్గర బీడీ కాలుస్తున్న అతన్ని అడిగాను. "నాది కరెంట్. సౌండ్ నాకు సంబంధం లే." లైట్ల కుర్రాడు నా మాట వినకుండానే అడ్డంగా తల ఊపాడు, అతన్ని రోజూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు కాబోలు. బండి మీద బోర్డులో నంబర్ ఉంటే పక్క సందులోకి వెళ్లి ఓనర్‌కు ఫోన్ చేశాను. ఆయన ఇంకో పెళ్లిలో ఉన్నాడు, అక్కడ ఇంకో డీజే పెట్టాడు, రెండు డీజేల మధ్య మా ఇద్దరి మాటా నలిగింది. అర్థమైనంతవరకు: "పెళ్లోళ్లు చెప్తే తగ్గిస్తం సార్." పెళ్లివాళ్లలో ముఖ్యుడైన బావమరిదిని పట్టుకున్నాను. తలపాగా జారిపోయి ఉంది, కళ్లలో ఆనందం. "డీజేవాళ్లకు చెప్పు బావ!" అన్నాడు.

నేను బయల్దేరిన చోటికే వచ్చాను. పెద్దావిడ ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉంది.

ఫోన్‌లో శబ్దాన్ని కొలిచే డెసిబెల్ యాప్ తెరిచాను. 105 అంది. ఫోన్ మైకు కాబట్టి పూర్తిగా నమ్మొద్దు, పది తగ్గించుకోండి. శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా వీధిలో లౌడ్‌స్పీకరే ఉండకూడదు. డెసిబెల్ మన కూడికల్లా నడవదు, ప్రతి పదికీ శక్తి పది రెట్లవుతుంది. యాప్ నిజమైతే చట్టం చెప్పిన దానికి మేము చేస్తున్నది పది లక్షల రెట్లు. యాప్‌ను అనుమానించి పది తీసేస్తే, లక్ష రెట్లు మాత్రమే. చట్టాన్ని లక్ష రెట్లు దాటడానికి కూడా ఒక సంప్రదాయం కావాలి, మాకు ఉంది. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు నిషేధించారు. నిషేధించింది దేన్ని? మళ్లీ పెట్టెనే. మాది పెళ్లి, మతం కాదు, శుభ్రంగా తప్పించుకున్నాం.

చివరికి డీసీఎం వెనక పక్క టార్పాలిన్ ఎత్తి లోపలికి దూరాను.

అక్కడ ఉన్నాడు డీజే.

పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో. ఆంప్లిఫయర్ల వరసకూ బాక్సుల వెనక గోడకూ మధ్య, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాడు. బోర్లించిన కూల్‌డ్రింక్ క్రేటు మీద లాప్‌టాప్. చెవుల్లో దూది. ఆంప్లిఫయర్ ఫ్యాన్ల వేడికి బనియన్ వీపుకు అతుక్కుపోయింది. పేరు అడిగాను. "ఆఁ?" అన్నాడు. గట్టిగా అడిగాను. "ఆఁ?" అన్నాడు. ఫోన్‌లో టైపు చేసి చూపించాను: 'సౌండ్ తగ్గించు తమ్ముడూ. ఎదురింట్లో హార్ట్ పేషెంట్ ఉన్నారు.'

చదివాడు. నా వైపు చూశాడు. వెంటనే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, చెయ్యి చాచి సౌండ్ దించేశాడు.

గంట నుంచి ఊరంతా గాలించినా దొరకని మనిషి అక్కడ దొరికాడు. చెబితే అర్థం చేసుకునేవాడు. మైకుసెట్టాయన మనవడు అనిపించింది.

ఎంతసేపు? నాలుగు నిమిషాలు. బయట కేకలు మొదలయ్యాయి. "ఏమైందిరా డీజేకి?" "డీజే ఖరాబైంది!" "అరే, డీజే కాలిపోయిందంట!" మొత్తం రాత్రిలో అది ఒక మనిషి తన బుద్ధితో చేసిన ఒకే ఒక్క పని, దానికి పెళ్లివారి నిర్ధారణ: యంత్రం చెడిపోయింది. ముగ్గురు టార్పాలిన్ లేపుకుని ఎక్కారు. అందులో ఒకడు నాకు వరసకు అల్లుడు. కుర్రాడి కాలర్ పట్టుకుని గుంజాడు. "పైసలిచ్చింది గిందుకానా బే?" నేను చెప్పానని నేను అరుస్తూనే ఉన్నాను. నా మాట ఎవరికి వినిపించాలి? సౌండ్ మళ్లీ పైకి లేచింది, మునుపటికంటే ఇంకాస్త ఎక్కువగా, జరిమానాతో సహా.

ఇక్కడ నా వ్యాకరణం అయిపోయింది. పొమ్మనండి మహత్తునూ అమహత్తునూ.

85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటల కంటే పనిచేయించకూడదని అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ చెబుతుంది. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పదిహేను నిమిషాలు. ఆ కుర్రాడు పెళ్లిళ్ల సీజన్ మొత్తం, రాత్రికి ఐదారు గంటలు, ఆ పెట్టెల సందులో, దూది పెట్టుకుని! లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు మనిషికి ఒక్కో చెవిలో పదిహేను వేల చిల్లర. చచ్చినవి మళ్లీ పుట్టవు. కోళ్లకు పుడతాయి. ఫంక్షన్ హాల్ వెనక గంపలో కాళ్లు కట్టి పడేసిన కోడికి ఉన్న ఆ పాటి భాగ్యం కూడా వాడికి లేదు. రెండు సార్లు పేరు అడిగితే రెండు సార్లూ "ఆఁ?" అన్నాడే, అది మోత వల్లే అనుకున్నాను. మోత ఆగిన ఆ నాలుగు నిమిషాల్లో కూడా అడిగాను. అప్పుడు కూడా "ఆఁ?" అనే అన్నాడు. ఇరవై ఏళ్లు రాకుండానే చెవులు పోగొట్టుకుంటున్న పిల్లవాణ్ణి మనం 'ఫ్రీ' అన్నాం!

ఇంకో సంగతి కూడా చెప్పకపోతే నాకు అన్నం సయించదు. ఆ పొద్దున పోచమ్మ దగ్గరికి పోయేటప్పుడు డప్పు కావాల్సి వచ్చింది. అమ్మవారు డీజే ఒప్పుకోదు కాబట్టి. ఇద్దరు వచ్చారు. గడ్డి మంటకు డప్పు సెగ చూపించి, చెవి దగ్గర పెట్టుకుని వేలితో మీటి చూసుకుని, ఎడమ చేత చిటికెన పుల్ల, కుడి చేత సిర్ర పట్టి దరువు వేస్తే మా పెద్దనాన్న కళ్లు మూసుకుని తల ఊపాడు. పది నిమిషాలు. తర్వాత వాళ్ల చేతిలో ఏవో నోట్లు పెట్టి, లెక్క కూడా సరిగా చూడకుండా, పంపించేశారు. రాత్రి బరాత్‌కు కూడా ఉంచుదామని నేను అంటే, "ఎందుకు బావ, డీజేల ఉంది కదా డప్పు" అన్నారు.

ఉంది. నిజంగానే ఉంది. రాత్రి పదకొండున్నరకు పన్నెండు బాక్సుల్లోంచి వచ్చింది డప్పే, ఎవరి చేతి దరువునో ఎప్పుడో రికార్డు చేసి, కింద బేస్ నింపి, పేరు లేకుండా. ఆ తోలు ముట్టుకోకూడదన్నాం. ఆ తోలు ముట్టుకున్న చెయ్యి ముట్టుకోకూడదన్నాం. వాళ్ల గ్లాసు వేరే, వాళ్లు నిలబడే చోటు వేరే. తరతరాలు వాళ్ల దరువు లేకుండా మన ఇంట్లో పెళ్లి లేదు, చావు లేదు. ఇప్పుడు ఆ దరువును మాత్రం పీల్చుకుని, మనిషిని గేటు బయట నుంచే పంపించేసి, పెట్టె ముందు ఎగురుతున్నాం! శబ్దం కావాలి, కొట్టేవాడు వద్దు. పాట కావాలి, వేసేవాడు వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు ప్రభుత్వం పింఛను ఇస్తోంది. చేతుల్లో సత్తువ ఉండగానే వాళ్లను రిటైర్ చేసింది మనం, ఆ మాట దరఖాస్తు ఫారంలో ఎక్కడా ఉండదు.

సరే.

రాత్రి ఒంటిగంటకు బరాత్ ఫంక్షన్ హాలు చేరింది. పెద్దావిడ ఎప్పుడో గేటు వేసేసుకుంది. అందరూ భోజనాలకు పరిగెత్తారు. డీసీఎం వెనకే ఆగి ఉంది. టార్పాలిన్ సందులోంచి ఆ కుర్రాడి కాళ్లు బయటికి వేలాడుతున్నాయి, రబ్బరు చెప్పుల్లో. వైర్లు చుడుతున్నాడు. డ్రైవరూ కట్టె మనిషీ లైట్ల కుర్రాడూ ఎవరి పని ముగించుకుని వాళ్లు ఎవరి దారిన వాళ్లు పోయారు.

మా బావమరిది విస్తరి ముందు కూర్చుని ఖర్చుల లిస్టులో టిక్కులు పెడుతున్నాడు. పంతులుగారు, టిక్కు. ఫొటోలవాళ్లు, టిక్కు. వంటవాళ్లు, వడ్డించేవాళ్లు, టిక్కు.

"డీజేకి తిండి పెట్టారా?" అని అడిగాను.

"పెట్టకుంటెట్ల బావ?" అన్నాడు, తల ఎత్తకుండానే. "ఇరవై లీటర్లు పోయించిన."